తూకానికి తూకం బొరుగులు

ఒక పెద్ద అడవిలో గింజ ముట్టని జంతువులన్నీ కలిసి గింజ తినే జంతువుల తిండి సంగతులు చూసుకునేవి. ఇదేం వింత అంటారా? ఆ అడవిలో ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ అడవిలో ఒక బడి ఉంది. దుప్పి పిల్లలు, మేక పిల్లలు, అడవిపంది పిల్లలు అన్నీ కలిసి నలభై దాకా చదువుకునేవి. ఆ ఏడాది వానలు సరిగ్గా పడక ఎక్కడా పచ్చిక లేదు. పొద్దున్నే బడి దగ్గర సుంకులమ్మ అనే ముసలి కుందేలు పెట్టే రాగి సంకటే ఆ పిల్లలకు ఆధారం. తలా ఒక అరకిలో ముద్ద, దాని నెత్తిన కాస్త చెనిక్కాయల పచ్చడి. అది తింటే సాయంత్రం దాకా నిలబడేవి. తినకపోతే పడిపోయేవి. లెక్క అంతే.

ఆహార శాఖకు కార్యదర్శి నక్క. దాని బావమరిది గుంటనక్క అంతకు నెల ముందే బొరుగుల బట్టీ, అంటే మరమరాలు వేయించే బట్టీ పెట్టింది. బట్టీ బాగానే మండుతోంది గాని, బొరుగులు తినే నాథుడు లేడు.

"బావా, నువ్వు అంత పెద్ద పదవిలో ఉండి నా బొరుగులు ఇట్లా మెత్తబడిపోతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా?" అని గుంటనక్క నిష్ఠూరమాడింది.

మర్నాడే నక్క సింహం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. బావమరిది మాట ఎత్తలేదు. పిల్లల ఆరోగ్యం మాట ఎత్తింది. "మహాప్రభో, సంకటి మంచిదా, బొరుగులు మంచివా? దేనిలో పోషకాలెక్కువ? ఈ ముఖ్యమైన విషయం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు" అంటూ కళ్ళు తుడుచుకుంది.

సింహం వెంటనే కమిటీ వేసింది. సభ్యులుగా ఎవరిని పెట్టాలి? రాగులు తినేవాళ్ళు రాగుల పక్షం, బియ్యం తినేవాళ్ళు బొరుగుల పక్షం వహిస్తారు కదా! అందుకని జన్మలో గింజ రుచి చూడని మొసలిని, రాబందును వేశారు. అధ్యక్షత సింహానిది. ఇంత నిష్పాక్షికమైన కమిటీ మరెక్కడా ఉండదని నక్క పొగిడింది. ముగ్గురూ తలలూపారు.

మొదట సుంకులమ్మను పిలిచారు.

"నీ సంకటిలో ఏముంది?" అని అడిగింది రాబందు.

"రాగిపిండి, రోంత నూక, నీళ్ళు సామీ. పొద్దున ముద్ద తింటే సందేళ దాకా ఆకలనరు బిడ్డలు. ఇంకేం కావల్ల?"

"అది నీ అభిప్రాయం. మాకు రుజువు కావాలి" అంది నక్క.

నక్క తక్కెడ తెప్పించింది. ఒక వైపు నిమ్మకాయంత సంకటి పెట్టింది. రెండో వైపు సరిగ్గా అంతే తూకం బొరుగులు పోసింది. ఆ కాస్త తూకానికే దోసెడు బొరుగులు వచ్చాయి.

"ఆహా! ఇంత చిన్న ముద్దకు అంత కుప్పా!" అంది సింహం. దాని దృష్టిలో కుప్ప పెద్దదైతే పోషకం పెద్దదే.

"ఇంకా చూడండి ప్రభూ" అంటూ నక్క ఆ రెండిటినీ బండ మీద ఎండబెట్టింది. మూడు రోజుల తరువాత మళ్ళీ తూచారు. బొరుగులు చెక్కు చెదరలేదు. సంకటి ఎండి రేగుకాయంత అయింది. రాబందు దాన్ని పొడిచి చూసి, ముక్కు రుద్దుకుంటూ వెనక్కి జరిగింది.

"నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు నీళ్ళు! ఇన్నాళ్ళూ మన పసిబిడ్డలకు ఈవిడ పెట్టింది నీళ్ళు ప్రభూ, వట్టి నీళ్ళు!" అని నక్క గుండె బాదుకుంది.

"నీళ్ళు పొయ్యకుంటే సంకటి యెట్లయితాది సామీ?" అంది సుంకులమ్మ తెల్లబోయి.

"నీళ్ళ సంగతి నాకు చెప్పకు. పుట్టినప్పటి నుంచి నీళ్ళలోనే ఉన్నాను. నీళ్ళు తాగి బలిసినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు" అంది మొసలి.

ఆ మాటతో సంకటి పని అయిపోయింది. ఇకమీదట తిండి విలువ కట్టేటప్పుడు నీళ్ళు లెక్కకు రావని కమిటీ తీర్మానించింది. సంకటి కుండ బోర్లించమంది. సింహానికి మాత్రం ఉన్నట్టుండి దయ పుట్టుకొచ్చింది. "పిల్లలకు తగ్గించామన్న మాట నాకు రాకూడదు. సంకటి ఎంత తూకం పెట్టేవాళ్ళో బొరుగులూ అంతే తూకం పెట్టాలి. తప్పినవాళ్ళను పులి ముందు నిలబెట్టండి" అంది.

నక్క ఆ మాటలన్నీ పొల్లుపోకుండా రాసింది. తలా ఒక దోసెడు వేస్తే సరి, తూచేదెవరు అనుకుంది. అందమైన అక్షరాలతో ఉత్తర్వు రాయించి, బడి ముందర బండకు తనే స్వయంగా అంటించి వచ్చింది.

మొదటి రోజు గుంటనక్క మూడు బుట్టల బొరుగులు తెచ్చింది. నలభై మందికీ తలా దోసెడు వేసింది. గాలి వీస్తే సగం ఎగిరిపోయాయి. పిల్లలు వాటి వెంట కాసేపు పరుగెత్తారు. తినడానికి పట్టిన సమయం కన్నా ఏరుకోడానికే ఎక్కువ పట్టింది.

"అవ్వా, ఇది తిండికి ముందు పెట్టేదా? తిండి ఎప్పుడు పెడతారు?" అని ఒక దుప్పి పిల్ల సుంకులమ్మను అడిగింది.

మధ్యాహ్నానికి ఆ దుప్పి పిల్లే ఎక్కాలు చదువుతూ చదువుతూ ఏడో ఎక్కం దగ్గర కాళ్ళు మడతపడి పడిపోయింది. సుంకులమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించింది. ముసలిదానికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. సంకటి నీళ్ళని తేల్చినవాళ్ళు ఈ బిడ్డ కడుపులో ఏముందో వచ్చి తేల్చగూడదా అనుకుంది. లేచి వెళ్ళి బండ మీది ఉత్తర్వును మొదటి అక్షరం నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది.

రెండో రోజు గుంటనక్క బుట్టలు దించేసరికి, సుంకులమ్మ తక్కెడ కట్టి సిద్ధంగా ఉంది. ఒక పళ్ళెంలో ఇంటి దగ్గర చేసి తెచ్చిన అరకిలో సంకటి ముద్ద.

"పొయ్యి నాయనా" అంది.

గుంటనక్క దోసెడు పోసింది. తక్కెడ కదల్లేదు. ఇంకో దోసెడు పోసింది. కదల్లేదు. బుట్ట మొత్తం బోర్లించాక గాని పళ్ళేలు సమానం కాలేదు.

"ఇది ఒక బిడ్డకు. ఇంకా ముప్పై తొమ్మిది బుట్టలు దించు."

గుంటనక్క బుట్టలు అక్కడే వదిలేసింది. పరుగెత్తుకుంటూ పోయి బావను పిలుచుకొచ్చింది.

"సుంకులమ్మవ్వా, ఇదేమన్నా బాగుందా? ఎక్కడన్నా బొరుగులు తూచి పెడతారా?" అంది నక్క నవ్వు పులుముకుని.

"నాకేం తెల్సు సామీ, నువ్వే తూచినావు, నువ్వే రాసినావు. తూకానికి తూకం అంట. తప్పితే పులి ముందర నిలబెడతారంట. కింద నీ సంతకమే ఉండాది."

నక్క క్షణం ఆలోచించింది. బుర్ర పాదరసం కదా! "సరే, బొరుగుల్ని తడిపి తూద్దాం. తడిస్తే బరువెక్కుతాయి" అంది.

"నీళ్ళు లెక్కకు రావని మీ కమిటీనే తేల్చె గదా సామీ."

చుట్టూ చేరిన మేకలు, దుప్పులు గొల్లున నవ్వాయి. నక్క చెవులు వాలిపోయాయి. ఎదురుగా చెట్టు కింద పులి ఆవులిస్తూ ఇటే చూస్తోంది.

ఆ రోజు నుంచి రోజుకు నలభై బుట్టలు. సుంకులమ్మ ఆ బొరుగుల్ని నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తిరగమోత వేసి, పైన పప్పుల పొడి చల్లి ఉగ్గాని చేసింది. బుట్టెడు బొరుగులు తడిస్తే చట్టిలో అడుక్కు దిగాయి. పిల్లలు కడుపు నిండా తిన్నారు, మిగిలింది ఇళ్ళకు మోసుకుపోయారు. బొరుగుల మీద సుంకులమ్మకు కోపమెందుకుంటుంది? ఆమె గొడవంతా దోసెడు మీద.

బట్టీ దగ్గర మాత్రం చూడాలి అవస్థ! పొద్దస్తమానం వడ్లు దంచడం, బియ్యం మీద ఉప్పునీళ్ళు చల్లి ఆరబెట్టడం, కాలే ఇసకలో వేయించడం. గుంటనక్క ఒక్కటే చేయలేక బావను కూడా బట్టీ ముందు కూర్చోబెట్టింది. కార్యదర్శి గారు చీపురు పట్టుకుని వేడి ఇసక కలుపుతూ, అది కాలిపోతే తోకతో కలిపారు. తోక సగం కాలింది. పన్నెండో రోజున గుంటనక్క, "బావా, అడవిలో వడ్లు అయిపోయినాయి. నేను అవతలి అడవికి పోతున్నా, నా కోసం వెతకొద్దు" అని చెప్పి మరీ పారిపోయింది.

నక్క సగం తోకతో కమిటీ ముందుకు పరుగెత్తింది.

"మహాప్రభో! తాజా పరిశోధనలో సంకటే గొప్పదని తేలింది!"

"మొన్న నీళ్ళన్నావు?" అంది సింహం.

"నీళ్ళు కూడా పోషకమేనని కొత్తగా తెలిసింది ప్రభూ. నీళ్ళు లేక ఎవరైనా బతికారా?"

"నేను ముందు నుంచీ నీళ్ళ పక్షమే" అంది మొసలి, మీసం లేకపోయినా దువ్వుకుంటూ.

అంతా బాగానే ఉంది గాని, రాజుగారి ఉత్తర్వును రద్దు చేయడమెట్లా? రాజు పొరబడ్డాడని రాయడానికి ఎవరికి గుండెలున్నాయి? రెండు రోజులు తల బద్దలుకొట్టుకుని రాబందు దారి కనిపెట్టింది. ఉత్తర్వు అట్లాగే ఉంటుంది. ఇకమీదట సంకటిని 'రెండో రకం బొరుగులు' అని పిలుస్తారు. తూకానికి తూకం సరిపోతుంది, రాజు మాటా నిలుస్తుంది.

సుంకులమ్మ కుండ మళ్ళీ పొయ్యెక్కింది. "పేరు యేమన్నా పెట్టుకోండి సామీ, ముద్ద తగ్గకుంటే చాలు" అంది.

తన సంస్కరణ ఎట్లా ఉందో చూద్దామని సింహం కమిటీతో సహా బడికి వచ్చింది. దుప్పి పిల్ల మూతికంతా సంకటి పూసుకుని తింటోంది. సింహం ముచ్చటపడి, "ఏం పాపా, మొదటి రకం బొరుగులు బాగున్నాయా, రెండో రకమా?" అని అడిగింది.

"ఇది బాగుంది తాతా. అవ్వ చేసిన ఉగ్గాని కూడా బాగుంది. ఒట్టి బొరుగులు దోసెడు పెడితే కళ్ళు తిరుగుతాయి. ఇదంతా మొదటి రోజే చెప్పేవాళ్ళం, మమ్మల్ని ఎవరూ అడగలేదు" అంది దుప్పి పిల్ల.

సింహం ఆలోచనలో పడింది. నక్క, మొసలి, రాబందు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాయి. "ప్రభూ, ఎండెక్కుతోంది, దయచేయండి" అంటూ రాజుగారిని గబగబా నడిపించుకుపోయాయి. ఆ సాయంత్రమే, కమిటీ అనుమతి లేకుండా పిల్లలను తిండి గురించి ప్రశ్నించరాదని కొత్త ఉత్తర్వు వచ్చింది.

నీతి: ఏం తింటావని ఆకలిగా ఉన్నవాణ్ణి పొరపాటున కూడా అడక్కండి, పాపం, కమిటీలు పస్తులుండాల్సి వస్తుంది.