పెద్దాయన మాత్రలు

ఆ పొద్దున టైలరమ్మ మిషను ముందు కూర్చోకముందే ముగించాలనుకున్న పని ఒక్కటే: పెద్దాయన గుండె మాత్రలు ఆన్‌లైన్‌లో చవగ్గా తెప్పించడం. పెద్దాయన అంటే వాళ్ల కుక్క. నింపాదిగా నడుస్తాడని ఎగతాళికి పెట్టిన పేరు. రాను రాను ఇంటిల్లిపాదీ "తిన్నారా, పడుకున్నారా" అని నిజంగానే గౌరవించడం మొదలుపెట్టారు. క్లినిక్కులో మాత్రం ఆయన ఒట్టి కుక్కే. డబ్బాలో రెండు మాత్రలే మిగిలాయి. ఒక్కరోజు తప్పితే ఆయాసం ముంచుకొస్తుంది.

పశువుల డాక్టరు గారి దగ్గర అవే మాత్రలు రెట్టింపు ధర. ఆ మాట ఆయన మొహం మీద అనలేక, "ఊరికే దాచుకోవడానికండీ" అని చీటీ రాయించుకుంది. దాని ఫొటో పంపిన గంటకు ఫోను మోగింది.

"మందుల కంపెనీ నుంచమ్మా. మాత్రలు ఎవరికి?"

"మా పెద్దాయనకి."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఏం చెప్పను తల్లీ! పొద్దున్నే గేటు తడిపేసి, పేపరు చింపేసి, మంచం కింద దూరారు."

అవతలి అమ్మాయి చీటీ మళ్లీ చూసుకుంది. "అమ్మా, అవి కుక్కల మాత్రలు!"

"నాకు తెలీదా? ఏడాదిగా ఆయనకి అవే పడుతున్నాయి. రొట్టెముక్కలో దాచి పెడతా, తెలిస్తే ఉమ్మేస్తారు."

ఆ అమ్మాయి ఆర్డరు ఆపేసి, చీటీ మీదున్న నంబరుకు ఫోను కొట్టింది. ముసలాయనకు కుక్క మాత్రలు మింగిస్తున్నారని వినగానే డాక్టరు గారికి "దాచుకోవడానికి" అన్న మాట గుర్తొచ్చింది. సంచీ పట్టుకుని పరుగున వచ్చేశారు. ముందు గదిలో మంచం మీద టైలరమ్మ తమ్ముడు దుప్పటి ముసుగేసి నిద్రపోతున్నాడు.

"భయపడకండి పెద్దాయనా! నాలుక చాపండి!"

"అక్కా! ఎవరక్కా ఈయన? నా నాలుక లాగుతున్నాడు!"

ఆ గోలకు మంచం కింద నుంచి కుక్క ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చింది. "లేచారా పెద్దాయనా?" అంది టైలరమ్మ.

"పెద్దాయనంటే... ఇతనా?"

"ఇతనేంటండీ, ఈయన!" అనేసి టైలరమ్మ నాలుక్కరుచుకుంది. ఇక దాచేదేముందని, ధర సంగతి కూడా చెప్పేసింది.

డాక్టరు గారు ఆమె ఫోను తీసుకుని, కళ్లజోడు పైకి తోసి, ధర రెండుసార్లు చదివారు.

"నాకు పడే రేటు కన్నా తక్కువే!"

అప్పుడే కంపెనీ అమ్మాయికి ఫోను చేసి, రోగికి నాలుగు కాళ్లున్నాయని హామీ ఇచ్చి ఆర్డరు వదిలించారు. పార్సెల్ వచ్చేదాకా వాడమని సంచీలోంచి ఒక అట్ట మాత్రలు తీసిచ్చారు. తర్వాత గుమ్మం వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించారు.

"మా పిల్లికీ ఇదే జబ్బమ్మా. మాదీ మీ ఆర్డరులోనే కలిపేయండి."

చీటీ మాత్రం చట్టప్రకారం ఉండాలని, టైలరమ్మ కొలతల పుస్తకంలోంచి కాగితం చింపి, తన పిల్లికి తానే రాసుకున్నారు.