ప్రాసెసరుకు పందికొవ్వు

నదెజ్దా తల్లి పాడిన మొదటి రెండు పాటలూ ఒక మంగళవారం మధ్యాహ్నం పోయాయి. ఆవిడ వసంతకాలంలో చనిపోయింది. ఆవిడ గొంతు ఒక పాత క్యాసెట్‌లో మాత్రమే మిగిలింది. నదెజ్దా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుండగా కంప్యూటర్ దానంతట అదే ఆరిపోయింది. మళ్ళీ మొదలుపెడదామని రీలు వెనక్కి తిప్పితే, ముసలి టేపు రికార్డరు ఆ రెండు పాటల మేర టేపును నమిలేసింది. ఇంకో రెండు పాటలు మిగిలాయి. ఆ కంప్యూటర్‌ను నమ్మి మళ్ళీ టేపు తిప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది.

అప్పుడు ఆమె భర్త మియోద్రాగ్ బడిలో భూగోళం చెబుతున్నాడు. అందుకని ఆమె ఏడుస్తూ వెళ్ళి ఎదురింటి తలుపు తట్టింది. ఆ ఇంట్లో పళ్ళ డాక్టరు తిహోమిర్ ఉంటాడు. భార్య వదిలి వెళ్ళాక ఆయన రెండు విద్యలు నేర్చుకున్నాడు. ఒకటి అత్తరు పూసుకోవడం, రెండోది కంప్యూటర్లు విప్పడం.

ఆ రోజు నుంచి ఇంట్లో సూపు పోసినా, రొట్టె కోసినా తిహోమిర్ మాటే. కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్పు, అదే ప్రాసెసరు, వేడెక్కిందట. ఊరికే ఉన్నప్పుడు నలభై డిగ్రీలు, పనిలో అరవై డెబ్బై ఉంటే భయం లేదట. తొంభై దాటితే తనే నెమ్మదిస్తుందట, ఇంకా పెరిగితే తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుందట. ఇదంతా నదెజ్దా కళ్ళు తుడుచుకుంటూ, మెచ్చుకోలుగా చెప్పింది.

"మొన్న నాకు ముప్ఫై తొమ్మిది జ్వరం వస్తే, నువ్వు థర్మామీటర్ కూడా వెతకలేదు," అన్నాడు మియోద్రాగ్.

"నువ్వు ఆరిపోలేదుగా," అంది నదెజ్దా.

శుక్రవారం డాక్టరు వచ్చి పెట్టె విప్పాడు. దుమ్ము తుడిచాడు. ప్రాసెసరు మీద కూర్చునే లోహపు రెక్కల కూలరును ఊడదీసి, మధ్యలో ఎండి పెళుసైన పేస్టును గీకేశాడు. ఆ రెంటి మధ్య కంటికి కనబడని సందులుంటాయనీ, వాటిని నింపి వేడిని ఇవతలికి దాటించేది ఆ పేస్టేననీ వివరించాడు. తీరా చూస్తే తన ట్యూబు కూడా ఎండిపోయింది. శనివారం పదింటికి కొత్తది తెస్తానన్నాడు. ఆ రాత్రి నదెజ్దా గసగసాల రొట్టె చుట్టింది. అది ఆ ఇంట్లో క్రిస్మస్‌కీ, ఇంటి దేవుడి పండక్కీ తప్ప చుట్టరు.

శనివారం పొద్దున ఆమె సంతకు బయలుదేరింది. మియోద్రాగ్ ఆలోచన చాలా చిన్నది. డాక్టరు వచ్చేలోగా పని తనే ముగించాలి. ఆ రొట్టె తనే తినాలి.

పేస్టు అమ్మే కొట్టు ఇంకా తెరవలేదు. పేస్టంటే ఏమిటి, సందులు నింపే జిడ్డు. నవంబరు నెలలో జ్రెన్యానిన్ ఊళ్ళో జిడ్డుకు కరువేమిటి? వారం కిందటే అన్నగారి ఊళ్ళో పందిని కోశారు. అటక మీద జాడీ నిండా కొవ్వు ఉంది. అందులో వేగిన ముక్కలు కలిసి ఉన్నాయి కాబట్టి కరిగించి వడకట్టాలనుకున్నాడు. బాణలి పొయ్యి మీద పెట్టి, కంప్యూటర్ పెట్టెను బల్ల మీదికి ఎత్తడానికి సోఫా పక్కకు వెళ్ళాడు.

పెట్టె వెనకనుంచి గొర్రెచర్మం జారి పడింది.

దాన్ని అక్కడ కుక్కింది తనే. ఆ ఊరివాళ్ళు దేన్నైనా తట్టుకుంటారు గానీ తలుపు సందుల్లోంచి కొట్టే గాలి, అదే సందుగాలి, తగిలితే మాత్రం వీలునామా గురించి ఆలోచిస్తారు. చలి మొదలైనప్పుడు, సోఫాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, పెట్టె వెనక ఫ్యాను గాలి సరిగ్గా ఆయన నడుముకు తగిలేది. అందుకని ఆ ఫ్యానుకు గొర్రెచర్మం అడ్డంపెట్టాడు. నడుముకు హాయిగా ఉంది. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాడు. డాక్టరు ముందువైపు నుంచి పెట్టెను లాక్కుని విప్పాడు గానీ, దాని వెనక్కి తొంగి చూడలేదు.

తెల్లటి ఉన్ని మీద ఫ్యాను కొలతకు గుండ్రంగా నల్లటి మచ్చ ఉంది. మియోద్రాగ్ దాన్ని చాలాసేపు చూశాడు. మంగళవారం ఎందుకు ఆరిపోయిందో, ఎవరివల్ల ఆరిపోయిందో ఆయనకు ఇక ఎవరూ వివరించనక్కరలేదు.

ఈలోగా బాణలి మాడింది. వాసన మెట్లంతా పాకింది.

ఆయన మిగిలిన కొవ్వు చుక్కను ప్రాసెసరు మీద పూసి, కూలరు బిగించి, మీట నొక్కాడు. తెరమీద నలభై ఏడు డిగ్రీలు. అప్పుడే తలుపు తట్టారు. ఆ భవనంలో ఎవరింట్లోనైనా కొవ్వు కాగితే పిలుపు కోసం ఆగరు. కింది ఇంటి పెర్సా పిన్ని ఉల్లిపాయలూ రొట్టే పట్టుకొచ్చింది. పై అంతస్తు లారీ డ్రైవరు రాద్మిలో ప్లమ్ పళ్ళ సారా తెచ్చాడు. గొర్రెచర్మం దాచడానికి వ్యవధి లేక మియోద్రాగ్ దాన్ని కుర్చీలో వేసి దానిమీద కూర్చున్నాడు.

ఆ వెనకే సంతసంచీతో నదెజ్దా, అత్తరుతో డాక్టరు వచ్చారు.

కంప్యూటర్ బాగైందని అందరూ గ్లాసులు ఎత్తి లేచి నిలబడ్డారు. మియోద్రాగ్ లేవలేదు.

"నడుం పట్టిందా నాయనా?" అంది పెర్సా పిన్ని. "సందుగాలి. నేను చెబితే నవ్వారు."

డాక్టరు తెర చూశాడు. నమ్మక, బరువైన పని పెట్టి చాలాసేపు నడిపించాడు. అరవై ఒకటి దాటలేదు. ఆయన ముఖంలో రంగు మారింది.

"నా దానికి నాలుగు ఫ్యాన్లు మియోద్రాగ్. అయినా డెబ్బై ఐదుకు తగ్గదు. ఏం పూశావు?"

"ఇంటి సరుకు."

"బాణలి చూడవయ్యా, డాక్టరూ," అన్నాడు రాద్మిలో. "పందిని పూశాడు."

డాక్టరు నవ్వాడు. మళ్ళీ తెర చూసి నవ్వు ఆపాడు.

నదెజ్దా గసగసాల రొట్టె కోసి, మొదటి ముక్క భర్తకు పెట్టింది. "మా ఆయన అంతే. చెప్పడు, చేసి పెడతాడు," అంది. వారమంతా మియోద్రాగ్ డాక్టరును ఎలా చూశాడో, డాక్టరు ఇప్పుడు ఆ రొట్టెముక్కను అలా చూశాడు. మియోద్రాగ్ దీనికోసమే ఎదురుచూశాడు. ముక్కను మాత్రం కొరక్కుండా పళ్ళెం అంచుకు జరిపాడు. వెళ్ళేటప్పుడు డాక్టరు కొత్త ట్యూబు బల్లమీదే వదిలేసి, చిన్న సీసాలో కొవ్వు అడిగి పట్టుకెళ్ళాడు.

అందరూ వెళ్ళాక నదెజ్దా క్యాసెట్ పెట్టింది. మూడో పాట ఎక్కింది. మధ్యలో ఆవిడ దగ్గు, ఎవరో కప్పు కింద పెట్టిన చప్పుడు, తర్వాత నాలుగో పాట. అంతా నిండుగా ఎక్కింది. నదెజ్దా భర్త భుజంమీద తల ఆనించింది.

"నువ్వు పూనుకోకపోతే ఇవి కూడా పోయేవి మియో."

ఆయన తల ఊపాడు. కుర్చీలోంచి ఇంకా లేవలేదు. పోయిన రెండు పాటల సంగతి ఇంకా చెప్పలేదు.