చుట్టరికం గొడుగు

ఆ ఉదయం తెట్ మోన్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్న పగాన్‌లో రెండు గుళ్ళు, మధ్యాహ్నం పక్క పల్లెలో ఊ సాన్ ఇంట్లో భోజనం, సాయంత్రం ఇరావతి మీద పడవ. నార్వే నుంచి వచ్చిన హోకన్, ఇంగ్రిడ్ దంపతులు మెచ్చుకుంటే ఆమె గైడుగా నిలుస్తుంది, లేకపోతే లేదు. పాపం, ఆమెకి కాదనడం చేతకాదు. పోయిన నెల ఒకే బృందానికి ఒకే సాయంత్రం కొండా చూపిస్తానని, పడవా ఎక్కిస్తానని మాటిచ్చి రెండూ ఎగ్గొట్టింది.

"ఇవాళ ఒక్క ఫిర్యాదు వచ్చిందో, రేపట్నుంచి ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తుకోవడమే," అంది టూర్ల కంపెనీ యజమానురాలు డా ఖిన్ న్వే.

"అలాగే పిన్నిగారూ," అంది తెట్ మోన్. దానికీ కాదనలేదు.

గుర్రబ్బండి పల్లె మొదట్లో ఆగింది. అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని ఊ సాన్ ఇల్లెక్కడని అడిగారు. మా ఇరావతి వైపు మనుషులకి "తెలీదు" అనాలంటే ప్రాణం మీదికొస్తుంది, అడిగినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని. ఆయన కాసేపు ఆలోచించి, "ఎడమకి పోండి," అన్నాడు ధీమాగా.

ఎడమకి పోతే పందిరి, మైకు, పూలు, ఊరంతా జనం. పిన్నిగారు ఎంత ఘనంగా ఏర్పాటు చేయించిందోనని తెట్ మోన్ మురిసిపోయింది. ఇంటాయన ఊ ఫో తౌ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళి భోజనాలకి కూర్చోబెట్టాడు. మీరెవరని ఒక్కరూ అడగలేదు.

రెండోసారి పంది కూర వడ్డిస్తూ ఆయనన్నాడు, "మా అబ్బాయి సన్యాస దీక్షకి యాంగోన్ నుంచి తమ్ముడు రాలేకపోయాడు. పోన్లే, వాడి తరఫున మీరైనా వచ్చారు."

తెట్ మోన్‌కి అప్పుడు తెలిసొచ్చింది. ఇది ఊ సాన్ ఇల్లు కాదు. ఆ మాట అప్పుడే చెప్పేస్తే పోయేది. కానీ సగం కూర తినేశాక ఏ మొహంతో చెప్పడం?

"పిల్లాడికి బంగారు గొడుగు పట్టాల్సింది మా తమ్ముడే. ఇప్పుడు ఈ పొడుగాయనే పట్టాలి," అన్నాడు ఊ ఫో తౌ.

"తప్పకుండా బాబాయ్," అంది తెట్ మోన్. అని, లోపల్లోపల తనని తానే తిట్టుకుంది.

క్షణాల్లో హోకన్‌కి లుంగీ కట్టారు, గులాబీరంగు తలపాగా చుట్టారు. ఇంగ్రిడ్ చేతికి పూలగిన్నె ఇచ్చారు. దీక్ష ఆచారం ప్రకారం రాజకుమారుడి వేషంలో పిల్లాడు గుర్రమెక్కాడు. గుర్రమెక్కిన పిల్లాడి తలమీదికి తన చెయ్యి నొప్పెట్టకుండా గొడుగు పట్టగలంత పొడుగు మనిషి ఆ ఊళ్ళో అంతవరకూ పుట్టలేదు. జనం ఈలలు వేశారు. హోకన్ ఇంకా నిటారుగా నడిచాడు.

ఊరేగింపు మఠం వైపు మళ్ళి, సరిగ్గా ఊ సాన్ ఇంటి ముందుకే వచ్చింది. అతిథుల్ని పలకరిద్దామని ముందే వచ్చి, అక్కడ చల్లారిన కోడికూర ముందు కూర్చుని ఉన్న డా ఖిన్ న్వే, మేళం విని బయటికొచ్చింది. తలపాగా కింద తన అతిథిని చూసింది.

"నేనిక్కడ కూర వేడిచేయించలేక చస్తుంటే, వాళ్ళకి వేషాలు కట్టించి ఊరేగిస్తున్నావా? నీకు రేపట్నుంచి ఫోన్లే గతి."

తెట్ మోన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎటూ ఉద్యోగం పోయింది, అబద్ధమైనా వదిలిపోనీ అనుకుంది. తిన్నగా ఊ ఫో తౌ దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, వీళ్ళు మీ తమ్ముడు పంపినవాళ్ళు కారు. దారితప్పి వచ్చాం. ముందే చెప్పాల్సింది, మొహమాటపడ్డాను."

"తెలుసమ్మా," అన్నాడాయన. "వాడు ఎవర్నీ పంపలేదు. ముక్కూమొహం తెలియని ఇంట్లో తింటున్నామని మీరు ఇబ్బంది పడతారని, నేనే ఆ చుట్టరికం అంటగట్టాను."

తెట్ మోన్ ఏడుస్తూనే నవ్వింది. ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పేసరికి హోకన్ మొహం వెలిగిపోయింది. తను ఎన్నో దేశాలు చూశాడట, ఎక్కడా ఎవరూ తనని చుట్టం చేసుకోలేదట. వచ్చే ఏడు తన నలుగురు అన్నదమ్ముల్నీ ఇక్కడికే తీసుకొస్తానని, గైడుగా ఈ అమ్మాయే కావాలని చెప్పాడు.

మఠం నుంచి తిరిగొచ్చాక ఊ ఫో తౌ డా ఖిన్ న్వేని కూడా వదల్లేదు, కూర్చోబెట్టి వడ్డించాడు.

"రేపు జర్మనీ వాళ్ళొస్తున్నారు," అందావిడ తింటూ. "వాళ్ళకీ అచ్చం ఇలాంటి ఊరేగింపే పెట్టించు."

"కుదరదు పిన్నిగారూ," అంది తెట్ మోన్. ఆ మాట నోటివెంట వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది. కాదనడంలో రుచి తగిలి మరోటి కూడా అంది, "పైగా రేపు నాకు సెలవు కావాలి."

వల్లకాదని చెప్దామనే డా ఖిన్ న్వే తలెత్తింది గానీ, పిలవని ఇంట్లో మూడోసారి కూర వేయించుకున్న మనిషి కావడంతో మొహమాటపడి, "అలాగే," అంది.