కిటికీలో పన్నెండు ప్యాకెట్లు

ఆ ఉదయం మేనేజరు పథకం చిన్నదే. పదింటికి ఆసుపత్రి వంటశాల అధికారిణి వస్తుంది, తరిగిన కూరల ప్యాకెట్లు చూస్తుంది, ఏడాదికి సరిపడా ఆర్డరిస్తుంది. ఆ కంపెనీలో కూరలు కోసేది ఇరవైమంది. కోతలు కోసేది మాత్రం మేనేజరొక్కడే.

తొమ్మిదిన్నరకు పరీక్షల గదిలోకి తొంగిచూసి అదిరిపడ్డాడు. కిటికీలో, ఎండకు ఎదురుగా, పన్నెండు క్యారెట్ ముక్కల ప్యాకెట్లు! ఒక్కోదానిపై ఒక ఎర్ర గీత. "ఈ మరకలేంటి, ఈ మతిమరుపేంటి!" అనుకుంటూ స్పిరిట్‌తో గీతలన్నీ తుడిచి, స్వయంగా మోసుకెళ్లి, ఆ రోజే నమూనాగా ఆసుపత్రికి పంపాల్సిన నాలుగువందల ప్యాకెట్ల మధ్య కోల్డ్ రూమ్‌లో సర్దేశాడు. సర్ది, కాస్త మురిసిపోయాడు కూడా.

ఇంతలో స్వెట్టరక్క వచ్చింది. పరీక్షలు చేసేది ఆమే. రోజంతా కోల్డ్ రూమ్‌లోకీ బయటికీ తిరుగుతుంది కనుక ఎండాకాలంలోనూ స్వెట్టరే.

"సార్, నా ప్యాకెట్లేవి?"

"నేనే కాపాడానక్కా. ఎండలో మర్చిపోయావు."

"మర్చిపోలేదు సార్, కావాలనే పెట్టా! చల్లదనం తప్పితే క్రిములు ఎంత పెరుగుతాయో చూద్దామని రెండ్రోజులుగా పెంచుతున్నా!"

"చల్లబడ్డాయిగా, చచ్చుంటాయిలే."

"చలికి చావవు సార్, బద్ధకిస్తాయంతే. పుట్టినవి పుట్టినట్టే ఉంటాయి."

మేనేజరు పరుగెత్తేసరికి లోడు లారీ ఎక్కేసింది. "ఆపండి!" అని అరిచాడు. కాపలాదారు గేటు మూసేశాడు. లారీ లోపల ఆగింది, అప్పుడే వచ్చిన అధికారిణి కారు బయట ఆగింది. ఆమె దిగి నడిచొచ్చేసరికి మేనేజరు లారీలో కూర్చుని, ఒక్కో ప్యాకెట్‌నీ చెంపకు ఆనించుకుని చూస్తున్నాడు.

"ఏంటండీ ఇది?"

"నాణ్యత... చూస్తున్నా మేడమ్."

"దిగండి సార్," అంది స్వెట్టరక్క. "ఇప్పుడన్నీ చల్లగానే ఉంటాయి. గీతలు లేవు, ఏవి ఏవో తెలీదు. మొత్తం పారేయాల్సిందే."

"నాలుగొందలా? ఆర్డరు పోతుందక్కా!" అని గొణిగాడు.

"తినేది జబ్బుపడ్డవాళ్లు సార్."

ఆ పైన డ్రైవరుకీ, కాపలాదారుకీ, కత్తులు వదిలేసి వచ్చిన ఇరవైమందికీ, అధికారిణికీ జరిగిందంతా చెప్పింది. కిటికీ, గీతలు, స్పిరిట్, ఏదీ దాచలేదు. "నాదీ తప్పే. 'ముట్టొద్దు' అని రాయాల్సింది," అంది.

పదేళ్లుగా మేనేజరు కోసిన కోతల్లో ఒక్కటీ ఈ నిజమంత నిటారుగా నిలబడలేదు.

"కూరలు అమ్ముతామని చాలామంది వచ్చారు," అంది అధికారిణి. "పారేస్తామన్నవాళ్లని ఇప్పుడే చూస్తున్నా. ఆ ఆర్డరు కాగితాలిటివ్వండి."

సంతకం చేసి, కింద సొంత చేత్తో ఒక నిబంధన చేర్చింది: మేనేజరుగారు దేన్నీ శుభ్రం చేయరాదు.