కుంటి డైవరు ఆట

ఆ ఆదివారం పొద్దున థెమెలిస్ వేసుకున్న పథకం చిన్నదే: మేనకోడలి పెళ్లిలో సాయంత్రం దాకా కుంటకుండా తిరగడం. కెప్టెన్ నోమికోస్ కూడా ఆ పెళ్లికి వస్తున్నాడు. నెలాఖరుకి బయల్దేరే స్పాంజి పడవలో ఎవరికి చోటివ్వాలో తేల్చేది అతనే. సముద్రం అడుగున స్పాంజి కోయడం తప్ప థెమెలిస్‌కి ఇరవై రెండేళ్లుగా మరో పని తెలియదు.

"మోకాలికి మందు రాసుకున్నావా?" అంది భార్య సెవస్తి.

"రెండు సీసాలు రాశాను. మూడోది తెస్తే తాగేస్తాను."

మూడు నెలలుగా ఇదే నొప్పి. ఊరి డాక్టరమ్మ మోకాలికి ఎక్స్‌రే తీయించి, బంగారంలా ఉందంది. ఆ బంగారంతో అతను మెట్లెక్కలేకపోతున్నాడు.

భోజనాలయ్యాక కెప్టెన్ కేకేశాడు. "ఒరే థెమెలిస్, కుంటి డైవరు ఆట నువ్వే ఆడాలి."

కాలిమ్నోస్ దీవిలో ఆ నాట్యం లేనిదే పెళ్లి పూర్తికాదు. సముద్రం కాళ్లు తీసేసుకున్న డైవరులా కర్ర పట్టుకుని వణకాలి. మధ్యలో కర్ర పక్కన పెట్టి పడుచువాడిలా ఎగరాలి. ఆ ఎగిరే చోట తన కాలి సత్తా కెప్టెన్‌కి చూపించవచ్చని థెమెలిస్ లేచాడు.

కర్ర పక్కన పెట్టాడు. కాలు ఎగరలేదు. గజ్జల్లో కత్తి దిగినట్టయి మరింత కుంటసాగాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కుంటడం ఆపవలసిన చోట కూడా కుంటే కళాకారుణ్ని వాళ్లు అంతవరకు చూడలేదు. పెళ్లికొచ్చిన డాక్టరమ్మ కూడా అది నటనే అనుకుని, ముచ్చటపడి కళ్లు తుడుచుకుంది. ఆపితే నిజం బయటపడుతుందని అతను మళ్లీ ఆడాడు, అడిగితే మూడోసారీ ఆడాడు.

"ఇలాంటి కాళ్లున్నవాడు లేకుండా నా పడవ కదలదు" అన్నాడు కెప్టెన్.

చప్పట్లు కొట్టనిది మికేస్ తాత ఒక్కడే. ఆయన ముప్పై ఏళ్లుగా రెండు కర్రల మీద నడుస్తున్న పాత డైవరు.

"నొప్పి మోకాల్లో, రోగం తుంటిలో. నాదీ ఇలాగే మొదలైంది. మోకాలికి పూసుకుంటూ కూచున్నాను" అని, మర్నాడే అతన్ని ఆస్పత్రికి లాక్కుపోయాడు.

"ఇక్కడ ఆట వద్దు, మామూలుగా నడవండి" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"ఇది మామూలేనమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది. పడుకోబెట్టి కాలు లోపలికి తిప్పింది. థెమెలిస్ మంచం అంచు పట్టుకుని పళ్లు బిగించాడు. తుంటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎముక రోగమైతే మొదట్లో ఎక్స్‌రేకి అందదని చెప్పి, ఎమ్మారై స్కానుకి ఏథెన్సు పంపింది.

స్కానులో తేలింది. తొడ ఎముక తల కొంతమేర చచ్చిపోయింది. లోతు నుంచి తొందరగా పైకి తేలినప్పుడల్లా ఒంట్లో పుట్టిన గాలి బుడగలు దానికి నెత్తురు అందనివ్వలేదు. ఎముక ఇంకా కుంగలేదు కనక నిలబెట్టే ఆశ ఉంది. నీళ్లలోకి మాత్రం ఇక దిగకూడదు. అతను సముద్రం మానాలని ఇరవై రెండేళ్లుగా మొక్కుకున్న సెవస్తి, ఆ మాట విని వెక్కివెక్కి ఏడ్చింది. థెమెలిస్‌కి ఏడుపు కూడా రాలేదు. నలభై ఒక్కేళ్లకి తానింక దేనికి పనికొస్తాడో అతనికి తోచలేదు.

పడవ కదిలే ముందు కెప్టెన్ అతన్ని చూడ్డానికి వచ్చాడు. "నాట్యసంఘం వాళ్లు నిన్ను ఆట నేర్పమంటున్నార్రా. నీలా ఆడాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడగమన్నారు."

"ఇరవై రెండేళ్లు" అన్నాడు థెమెలిస్. "తొందరగా పైకి తేలేవాళ్లకి ఇంకా ముందే వస్తుంది."