తూర్పుకు పొంగిన బెన్యే

ఆ శుక్రవారం పొద్దున మారుతి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం నమాజు కాగానే జియావుద్దీన్ సారు ఇంటికొస్తాడు, భార్య ప్రమీల చేసిన బెన్యేలు తింటాడు, కడుపు చల్లబడి సీనియర్ టెక్నీషియన్ పోస్టుకు మారుతి పేరు పంపుతాడు. ఆ పోస్టు వస్తే ప్రమీలకు ఫ్యామిలీ వీసా దొరుకుతుంది. రాకపోతే విజిట్ వీసా ముగియగానే ఆమె మెట్‌పల్లికి, అతను మళ్ళీ కార్మికుల క్యాంపుకి. పెళ్ళయినప్పటినుంచీ ఫోనులోనే కాపురం చేసిన ఆ ఇద్దరికీ ఈ రెండో మాట తలుచుకుంటేనే గుండె జారిపోయేది.

పథకంలో లోపం ఒక్కటే. ప్రమీల జన్మలో బెన్యే చేయలేదు.

ఖతార్‌లోని అల్ ఖోర్ గ్యాస్ ప్లాంటులో మారుతికి పై అధికారి జియావుద్దీన్. హైదరాబాదు మనిషి, కుర్రతనంలో అమెరికాలో ట్రైనింగ్ అయినవాడు. టీ తాగినప్పుడల్లా అక్కడి బెన్యేల గురించి చెప్పేవాడు. పులిసిన మైదాను చదరాలుగా కోసి నూనెలో వేస్తే బూరల్లా ఉబ్బుతాయనీ, పైన చక్కెర పొడి కుమ్మరిస్తారనీ, ఆ వాసనకు నడిచేవాళ్ళ కాళ్ళు ఆగిపోతాయనీ వర్ణించేవాడు. ఒకరోజు వింటూ వింటూ మారుతి నోరు జారాడు. "మా ఇంట్ల మంచిగ చేస్తది సర్" అనేశాడు. అయితే శుక్రవారం వస్తానన్నాడు సారు. ఆ రాత్రంతా ప్రమీల ఫోనులో వంట వీడియోలు చూస్తూ కూర్చుంది.

అలా శుక్రవారం ఆమె మైదా, పాలు, గుడ్డు, వెన్న, ఈస్టు కలిపి ముద్ద చేసి పెద్ద స్టీలు గిన్నెలో మూతపెట్టింది. ఏసీ చల్లదనానికి ముద్ద ఉలకలేదు, పలకలేదు. ఎందుకైనా మంచిదని ఇంకో ప్యాకెట్ ఈస్టు వేసి పిసికింది. అయినా కదల్లేదు.

"చలిల పెడితే ఎట్ల పొంగుతది బిడ్డా? మన దోసె పిండి గూడ పొంగది. ఎండకు పెట్టు," అంది అత్తగారు గంగామణి. కొడుకును చూడడానికి వచ్చి నెల దాటినా ఆమె ఖతార్‌ను దుబాయ్ అనే అంటోంది.

"బయట దుమ్ము, అమ్మా. కార్ల పెడత," అన్నాడు మారుతి. గిన్నెను వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దాలు కాస్త దించి, ఘనకార్యం చేసినవాడిలా లోపలికొచ్చి స్నానానికి వెళ్ళాడు.

అతను తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి కారు దగ్గర అత్తాకోడళ్ళు ఇద్దరూ నిలబడి లోపలికి చూస్తున్నారు. ముద్ద మూతను తోసేసి పైకి లేచింది. తెల్లగా, నున్నగా, నిండు చూలాలి పొట్టలా మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. చూస్తుండగానే ఇంకాస్త పెరిగింది. దాన్ని చూస్తే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. గంగామణి నిజంగానే జోడించింది.

"ఇప్పుడు దీన్ని పిడికిలితోని గుద్ది అణచాలె అత్తమ్మా. వీడియోల అట్లనే ఉన్నది," అంది ప్రమీల.

"పొంగినదాన్ని గుద్దుతరా? కొత్తింట్ల పాలు పొంగితే చల్లటి నీళ్ళు జల్లుతమా? ముట్టకు," అని గంగామణి లోపలికెళ్ళి కుంకుమ తెచ్చి ముద్దకు బొట్టు పెట్టింది. బొట్టు పెట్టాక ఆమెకు అసలు దోషం కనబడింది. "పడమటికి పొంగుతున్నది గదరా. తూర్పుకు తిప్పు."

మారుతి గిన్నెను తిప్పబోయాడు. కారిన పిండితో అది సీటుకు కరుచుకుపోయింది. గిన్నె తిరగకపోతే కారే తిరగాలి. అతను గిన్నెకు సీటుబెల్టు పెట్టి, వీధిలో కారును ఒక చుట్టు తిప్పి, ముద్ద వాలిన వైపు తూర్పుకు వచ్చేలా నిలిపాడు. అప్పుడే ఫోను మోగింది.

"మారుతీ, మసీదు కాడ నా బండికి ఎవరో అడ్డం పెట్టి పోయిండు. ఎండల ఉన్న. నువ్వే జల్ది రా, యల్లా," అన్నాడు జియావుద్దీన్.

ఎండలో నిలబడ్డ అధికారి ముందా, పొంగుతున్న ముద్ద ముందా? మారుతి కారు ఎక్కాడు.

జియావుద్దీన్ ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. రెండు ప్యాకెట్ల ఈస్టు ఆ వేడికి చేయగలిగిందంతా చేసింది. కారంతా పొద్దెక్కిన కల్లు వాసన. ఆయన ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. ఆ దేశంలో కారులో ఆ వాసన వస్తే పోస్టు సంగతి అటుంచి, ఉన్న ఉద్యోగమే ఊడుతుంది.

"తాగినవా?"

"లేదు సర్. వెనక ఉన్నది సర్. పిండి."

జియావుద్దీన్ వెనక్కి తిరిగాడు. సీటుబెల్టు కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, కూర్చున్న మనిషంత ఎత్తున ఏదో ఆయన భుజం మీదికి వంగి చూస్తోంది.

"యా అల్లా," అన్నాడు ఆయన చాలా మెల్లగా. కాసేపు చూపు తిప్పుకోలేకపోయాడు. తర్వాత గొంతు గట్టిపడింది. "క్యాంపుల్ల దొంగసారా గూడ గిన్నెల్లనే పెడతరు. ఇది తినేదే అయితే నా ముంగటనే చెయ్యాలె. కాకపోతే రేపు ఆఫీసుల మాట్లాడుకుందాం."

ఇల్లు చేరగానే మారుతి వెనక తలుపు తీశాడు. గరిటెతో గీకి గీకి గిన్నెను ఊడదీసి వంటింట్లోకి మోశాడు. సంగతి ప్రమీల చెవిన పడింది. అత్తగారి వైపు చూసింది, సారు వైపు చూసింది, పిడికిలి బిగించి ముద్ద నడుమ ఒక్క గుద్దు గుద్దింది. ముద్ద నిట్టూర్చి కుంగిపోయింది. గంగామణి కళ్ళు మూసుకుంది.

ప్రమీల పిండిని వత్తి, చదరాలుగా కోసి, కాగిన నూనెలో వేసింది. అవి మునిగాయి. మరుక్షణం ఒక్కొక్కటే పైకి తేలి, చిన్న దిండులా ఉబ్బి, బంగారు రంగుకు తిరిగింది. మైదాకూ గాలికీ నూనెకూ ఇంత అందం ఉంటుందని ఆ వంటింట్లో ఎవరూ అనుకోలేదు. చక్కెర పొడి కుమ్మరించి పళ్ళెం ఆయన ముందు పెట్టింది.

జియావుద్దీన్ ఒకటి తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండోది తిన్నాడు. గడ్డమంతా చక్కెర.

"అమెరికాల ఉన్నట్టే ఉన్నదా సర్?" అన్నాడు మారుతి. ప్రమీల కొంగు చేతికి చుట్టుకుని నిలబడింది.

ఆయన గడ్డం మీది చక్కెర తుడుచుకున్నాడు.

"నాకేం తెలుసు," అన్నాడు చివరికి. "ఏ కొవ్వుల వేయిస్తరో, హలాలో కాదో అని భయం. అడగాలంటే మొహమాటం. ఉన్నన్ని రోజులు అద్దం బయట నిలబడి చూసుడే. ఇయ్యాలనే తిన్న."

"అంత దూరం పోయి ఉత్తగ చూసి వచ్చినవా బిడ్డా?" అని గంగామణి ఆయన పళ్ళెంలో ఇంకో రెండు వేసింది.

ఆయన కాదనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "రేపు నీ పేరు పంపుత. ఆమెను ఊరికి పంపకు," అన్నాడు. మారుతి తల ఊపాడు. ప్రమీల పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పోస్టు వచ్చింది, ఫ్యామిలీ వీసా వచ్చింది. అమ్మకానికి పెట్టిన కారులో కల్లు వాసన మాత్రం పోలేదు; కొనడానికి వచ్చినవాళ్ళు తలుపు తీసి, మళ్ళీ వేసి, సలాం చెప్పి వెళ్ళిపోతున్నారు.