ఇటుక రంగు

ఆ ఉదయం పుష్పలత అనుకున్న పనులు రెండే: భర్త రాజలింగుకు జావ తాగించి టైఫాయిడ్ గోలీ వేయడం, ఆ తర్వాత చెరకు తోటకు నీళ్లు పెట్టించడం. డాక్టరు పద్నాలుగు రోజులకు రాసిచ్చిన సెఫిక్సిమ్ గోలీల్లో అది ఐదో రోజు. జ్వరం దిగింది.

అంతలో పక్కింటి వెంకటసుబ్బారావు పలకరించడానికి వచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ముప్ఫై ఏళ్లు చెరకు రసం పరీక్షించి రిటైరైన మనిషి. అక్కడి ద్రావణాలను ఇప్పటికీ ఇంట్లో కలుపుకుంటాడు. రాజలింగు అన్న భూమన్నకు షుగర్ వల్ల నిరుడే కాలు తీసేశారని గుర్తుచేసి, తమ్ముడికీ ఒకసారి చూద్దామన్నాడు. గాజు గొట్టంలో రాజలింగు మూత్రాన్ని, చక్కెర ఉంటే ఎర్రబడే తన నీలం ద్రావణంతో కలిపి, పుష్పలత పొయ్యి మీదే, పుష్పలత గిన్నెలోనే వేడిచేశాడు. పెద్దమనిషిని వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు.

నీలం పోయి ఇటుక రంగు దిగింది.

"చెరకు రసంలో కూడా ఇంత ఎరుపు అరుదమ్మా," అన్నాడాయన కాస్త మురిపెంగా.

రాజలింగు తన పాదాల వంక చూసుకున్నాడు. "రావుగారు, గిప్పుడు ఏ కాలు తీస్తరు?"

పుష్పలతకు ఆస్పత్రి మాట గుర్తొచ్చింది. జ్వరం వచ్చిన కొత్తలో ఆస్పత్రిలో రక్తం చూసి షుగర్ లేదన్నారు. అంటే ఇది గోలీలు తెచ్చిన రోగమేనని తేల్చుకుంది.

"ఇగ గోలీలు బంద్," అన్నది.

గోలీలు అటకెక్కాయి, కాకరకాయ రసం గ్లాసులోకి దిగింది. రోజుకు నాలుగుసార్లు కళ్లద్దాలు పెట్టుకుని భర్త అరికాళ్లు వెతికేది. ఎప్పటిదో ముల్లు గుచ్చుకున్న మచ్చ కనబడితే కూర్చుని ఏడ్చింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ద్రావణం నీలంగానే నిలిచింది. సుబ్బారావు ఆ ఘనత కాకరకాయకు ఇచ్చి, రసం రెండు గ్లాసులు చేయమన్నాడు. మర్నాడు పొద్దున రాజలింగు వణుకుతూ లేచాడు. ఒళ్లు కాలిపోతోంది. షుగర్ పడిపోయిందంటూ సుబ్బారావు అతని నోట్లో బెల్లం పెట్టాడు. షుగర్ పెరుగుతుందని పుష్పలత వేలు పెట్టి తీసేసింది. బోధన్ ఆస్పత్రి దాకా ఆటోలో ఇదే సాగింది.

డాక్టరు సంజన జరిగిందంతా విని, రాజలింగు వేలి కొసన రక్తం తీసి షుగర్ చూసింది. నూట నాలుగు.

"షుగర్ లేదు. ఈ గోలీలు వాడేటప్పుడు ఆ నీలం మందు ఊరికనే ఎర్రబడొచ్చు. గది జూసి మీరు గోలీలు ఆపిండ్రు, టైఫాయిడ్ తిరగబెట్టింది. దద్దుర్లొస్తె, ఊపిరి ఆడకపోతె ఆపి ఉరికి రండి. లేకుంటే నన్ను అడగకుండ ఆపొద్దు."

పుష్పలత వీటిలో ఎంత విన్నదో తెలియదు. "కాళ్లు?" అని మాత్రం అడిగింది.

"రెండూ ఉంటయమ్మ."

మళ్లీ మొదటి నుంచి పద్నాలుగు రోజులు రాసిచ్చారు. ఆ పద్నాలుగు రోజులూ సుబ్బారావు పలకరించడానికి ఎప్పుడొచ్చినా, ఆయన లేచి వెళ్లేదాకా పుష్పలత భర్తను బాత్‌రూమ్ వైపు కదలనివ్వలేదు.